చీకటి సీన్ వస్తే ట్యాబ్‌లో గళ్ళు: తప్పు తెరదేనా?

ప్రశ్న: మా ఆయన ఈమధ్య 16 వేలు పెట్టి 10 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నారు. పిల్లలు పడుకున్నాక గదిలో లైట్లన్నీ తీసేసి దాంట్లో సినిమాలు చూస్తుంటాను. ఓటీటీలు ఫోన్ రీఛార్జితో వచ్చినవే. పగటి సీన్లు బాగానే ఉంటాయి. రాత్రి సీన్ వచ్చిందంటే మాత్రం నలుపంతా బూడిదరంగుకి తిరిగి, గళ్ళు గళ్ళుగా కదులుతుంది. మనుషుల మొహాలు కూడా తెలియవు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే ఇంకా అధ్వానం. అదే సినిమా మా ఆయన ఫోన్‌లో శుభ్రంగా కనిపిస్తోంది. షాపులో అడిగితే ఈ రేటులో డిస్‌ప్లే ఇలాగే ఉంటుంది, ఇంకో 6 వేలు వేసుకుని పై మోడల్ తీసుకోండి అంటున్నారు. మార్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: వద్దమ్మా, ఇప్పుడే మార్చకండి. మీ ఉత్తరంలో ఒకటి కాదు, మూడు ఇబ్బందులున్నాయి. గళ్ళు కట్టడం ఒకటి, నలుపు బూడిదరంగులో కనిపించడం ఇంకొకటి, మొహాలు తెలియకపోవడం మూడోది. మూడూ ఒకే సీన్‌లో కనిపిస్తాయి కాబట్టి ఒకటే జబ్బు అనిపిస్తుంది. కానీ మూడింటికీ కారణాలు వేరు. షాపువాళ్ళు మూడింటినీ కలిపి డిస్‌ప్లే మీదికి తోసేశారు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, వీటిలో డిస్‌ప్లేకి నిజంగా సంబంధం ఉన్నది ఒక్క బూడిదరంగుకే. అది కూడా చాలావరకు సర్దుకునేదే. గళ్ళ సంగతి మాత్రం తెర మార్చినా పోకపోవచ్చు. ఇంకో 6 వేలు పోసి పెద్ద మోడల్ తెచ్చుకున్నాక అవే గళ్ళు అక్కడా కనిపిస్తే ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి.

ముందు తప్పు వీడియోదా, తెరదా అన్నది తేల్చుకుందాం. దీనికి ఏ యాప్ అక్కర్లేదు. గళ్ళు బాగా కనిపించే చోట సినిమా ఆపండి. గళ్ళు బొమ్మలో ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి, హీరో భుజం వెనక గోడ మీద అనుకుందాం. ఇప్పుడు ట్యాబ్‌ని తలకిందులుగా తిప్పి పట్టుకోండి. ఆటో రొటేట్ ఆన్‌లో ఉంటే బొమ్మ తనంతట తాను తిరిగి మళ్ళీ నిటారుగా వస్తుంది. గళ్ళు ఇప్పటికీ హీరో భుజం వెనకే ఉన్నాయా? అయితే అవి వీడియోలో ఉన్నవి, తెరకి పాపం పుణ్యం తెలియదు. అలా కాకుండా ఏదైనా తెల్లటి మసక ట్యాబ్‌లో కెమెరా పక్క మూలనే అంటుకుని, ట్యాబ్‌తోపాటు తిరిగిందనుకోండి, అది తెర లోపం. గళ్ళు బొమ్మతో పోతాయి, మూలల మసక ట్యాబ్‌తో పోతుంది. మీ ట్యాబ్‌లో రెండూ ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండింటినీ విడివిడిగా చూడండి.

గళ్ళు వీడియోలోనే ఉంటే మరి పగటి సీన్లలో ఎందుకు లేవు అని మీకు సందేహం రావాలి. అసలు విషయం అక్కడే ఉంది. మామూలు వీడియోలో వెలుగుని 256 మెట్లుగా కొలుస్తారు. అందులోనూ నలుపు 16వ మెట్టు దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది. పగటి సీన్ ఈ మెట్లన్నీ వాడుకుంటుంది. రాత్రి సీన్‌కి అడుగున ఉన్న కొద్ది మెట్లే గతి. దీపం వెలుగు గోడ మీద మెల్లగా చీకట్లో కలిసిపోవాలంటే, సగం తెర మేర పరుచుకోవాల్సిన ఆ మార్పుకి పట్టుమని పాతిక మెట్లు కూడా దొరకవు. అందుకే మెత్తగా కలవాల్సిన చోట వలయాలు వలయాలుగా గీతలు పడతాయి.

గళ్ళది దీనికి కొనసాగింపు. ఇంటర్నెట్‌లో వచ్చే వీడియోని అలాగే పంపితే మామూలు ఇంటి కనెక్షన్ చాలదు, కాబట్టి కుదించి పంపుతారు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి ఇప్పటికీ విస్తారంగా వాడుకలో ఉంది. అది బొమ్మని 16 చుక్కల (పిక్సెళ్ళ) పొడవు, 16 చుక్కల వెడల్పు ఉన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో ఎంత వివరం ఉంచాలో, ఎంత వదిలేయాలో లెక్క వేసుకుంటుంది. డేటా సరిపడా ఉంటే గడికీ గడికీ మధ్య అతుకు కనపడదు. డేటా తక్కువైతే చిన్న చిన్న తేడాల్ని పారేస్తుంది. చీకట్లో ఉన్నవన్నీ చిన్న తేడాలే కదా, ముందు అవే పోతాయి. పక్క పక్క గళ్ళలో ఒకటి కాస్త ముదురుగా, ఒకటి కాస్త లేతగా మిగిలిపోతాయి. ఆకులో, జనమో, పట్టుచీర అంచో ఉన్న పగటి సీన్‌లో ఈ అతుకులు ఆ హడావిడిలో కలిసిపోతాయి. ఖాళీ చీకటి గోడ మీద దాక్కోవడానికి చోటుండదు. పొగ, వాన, మంచు ఉన్న రాత్రి సీన్లైతే మరీ కష్టం. క్షణం క్షణం మారిపోయే పొగకి డేటా చాలా కావాలి.

ఇది చవక ట్యాబ్‌లకే పట్టిన పీడ కాదు. 2019 ఏప్రిల్ 28న ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్‌లో రాత్రిపూట జరిగే పెద్ద యుద్ధం ఎపిసోడ్ ప్రసారమైనప్పుడు, ఖరీదైన టీవీలున్నవాళ్ళు కూడా ఏమీ కనపడలేదని, అంతా గళ్ళే అని గగ్గోలు పెట్టారు. దాన్ని తీసిన కెమెరామన్ ఫాబియన్ వాగ్నర్, చాలామంది టీవీల్ని సరిగ్గా సెట్ చేసుకోలేదని సమాధానమిచ్చారు. ఆయన మాటలో నిజం ఉంది, చూసినవాళ్ళ ఫిర్యాదులోనూ నిజం ఉంది. కుదించి పంపినప్పుడు చీకటే ముందు దెబ్బతింటుంది.

ఇక మీ ఇంట్లో డేటా ఎక్కడ తక్కువవుతోందో చూద్దాం. ఓటీటీలు ఫోన్ రీఛార్జితో వచ్చాయన్నారు. నా మొదటి అనుమానం దాని మీదే. రీఛార్జితో వచ్చేవి చాలావరకు మొబైల్ ప్లాన్లు. ఉదాహరణకి నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 2019 జులైలో మొబైల్ ప్లాన్ పెట్టింది. 2021 డిసెంబరులో దాని ధర నెలకి 149 రూపాయలకి తగ్గించింది. అది ఫోన్‌లోనూ, ట్యాబ్‌లోనూ వస్తుంది, కానీ 480పి దాటి రాదు. 2023 ఆగస్టులో జియో 1,099 రూపాయల ప్రీపెయిడ్ ప్యాక్‌తో కలిపి ఇచ్చింది ఈ మొబైల్ ప్లాన్‌నే. అమెజాన్ ప్రైమ్ వీడియో కూడా 2022లో ఏడాదికి 599 రూపాయల మొబైల్ ఎడిషన్ తెచ్చింది, అదీ మామూలు క్వాలిటీయే, హెచ్‌డీ కాదు.

480పి అంటే ఎంతో ఒకసారి లెక్క చూడండి. 854 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు, మొత్తం కలిపి దాదాపు 4 లక్షల చుక్కలు. మీ ట్యాబ్ తెర 1920 వెడల్పు అయి ఉంటే, సినిమా పరుచుకునే మేర 20 లక్షల చుక్కలుంటాయి. వచ్చిన ప్రతి చుక్కనీ అయిదు చుక్కల చోటులోకి సాగదీయాలి. పాస్‌పోర్టు ఫోటోని ఫ్లెక్సీ కొట్టించినట్టు అవుతుంది. మీవారి ఫోన్‌లోనూ వచ్చేది అదే 480పి అయి ఉండొచ్చు. ఆరున్నర అంగుళాల తెర మీద గడి చిన్నగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. పైగా చాలా ఫోన్లకి ఇప్పుడు ఓఎల్‌ఈడీ తెరలు, వాటిలో నలుపు నిజంగా నల్లగా ఉండి లోపాల్ని కప్పేస్తుంది. కాబట్టి ఫోన్‌లో బాగుంది, అందుకే ట్యాబ్ చెడ్డది అన్న లెక్క నిలబడదు.

ప్లాన్ హెచ్‌డీదే అని తేలినా ఇంకో అడ్డుగోడ ఉంటుంది. దీని గురించి అమ్మేవాళ్ళు నోరెత్తరు, పెట్టె మీద కూడా రాయరు. కొనేవాళ్ళకి ముందే చెప్పాల్సిన విషయం ఇది, చెప్పకపోవడం అన్యాయం. ఆండ్రాయిడ్‌లో ఓటీటీ వీడియోల్ని దొంగతనంగా కాపీ చేయకుండా వైడ్‌వైన్ అనే తాళం ఉంటుంది. అందులో ఎల్1, ఎల్3 అని స్థాయిలున్నాయి. ఎల్1 ఉంటే తాళం తీసే పని చిప్‌లో ప్రత్యేకంగా భద్రపరిచిన భాగంలోనే జరుగుతుంది, అందుకని హెచ్‌డీ ఇస్తారు. ఎల్3 అయితే ఆ పని ఉత్త సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది, నమ్మకం తక్కువ, కాబట్టి మీరు ఎంత పెద్ద ప్లాన్ కట్టినా నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ ఇవ్వవు. ఎల్1 ఉన్నా ఆ మోడల్‌ని తాము ఆమోదించకపోతే హెచ్‌డీ ఇవ్వని సందర్భాలూ ఉన్నాయి. ఒకే ఎకౌంటుతో ఫోన్‌లో హెచ్‌డీ, ట్యాబ్‌లో మసక రావడానికి ఇది మంచి కారణం.

చూసుకోవడం తేలిక. నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో మెనూ నొక్కి యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కిందికి జరుపుకుంటూ పోతే ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అని ఉంటుంది. అది తెరిస్తే వైడ్‌వైన్ ఎల్1 అనో, ఎల్3 అనో, ఆ ట్యాబ్‌కి గరిష్ఠంగా ఏ రిజల్యూషన్ వస్తుందో రాసి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ లేకపోతే ప్లేస్టోర్‌లో డీఆర్ఎం ఇన్ఫో అని వెతికితే ఇదే చూపించే చిన్న యాప్‌లు దొరుకుతాయి. ఎల్3 అని వస్తే, ట్యాబ్ సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా ఆగి ఉందేమో చూసి పెట్టండి. అమ్మకానికి వచ్చినప్పుడు ఎల్3తో ఉండి, అప్‌డేట్‌తో ఎల్1కి వచ్చినవి ఉన్నాయి. అప్‌డేట్ పెట్టినా ఎల్3 దగ్గరే ఉంటే మాత్రం మీ చేతుల్లో ఏమీ లేదు. అప్పుడు షాపుకి వెళ్ళండి. ‘డిస్‌ప్లే బాలేదు’ అనకండి. ‘ఇందులో ఓటీటీలు హెచ్‌డీలో రావు, వచ్చేది ఇవ్వండి’ అని అడగండి. మొదటి మాటకి వాళ్ళ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది, రెండోదానికి ఉండదు.

యాప్‌లలో డేటా పొదుపు సెట్టింగులు కూడా ఒకసారి చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రతి ప్రొఫైల్‌కీ ప్లేబ్యాక్ సెట్టింగ్స్ విడిగా ఉంటాయి, వెబ్‌సైట్‌లో ఎకౌంట్‌లోకి వెళ్ళి మార్చుకోవాలి. లో పెడితే గంటకి దాదాపు 0.3 జీబీ ఖర్చవుతుంది, హై పెడితే హెచ్‌డీకి 3 జీబీ దాకా పోతుంది. ఈ పదింతల తేడాలో రాత్రి సీన్ల వివరాలన్నీ ఉంటాయి. ఎప్పుడో డేటా అయిపోతోందని ఎవరో లో పెట్టి మరిచిపోయి ఉండొచ్చు. ప్రైమ్ వీడియోలో స్ట్రీమింగ్ క్వాలిటీ బెస్ట్ మీద ఉందో లేదో చూడండి. యూట్యూబ్‌లో వీడియో క్వాలిటీ ప్రిఫరెన్సెస్‌లో వైఫైకి హయ్యర్ పిక్చర్ క్వాలిటీ పెట్టండి.

వైఫై సంగతి చిన్నది. సినిమా మొదలైన మొదటి నిమిషం మసకగా ఉండి తర్వాత తేటపడితే, లేదా మధ్యమధ్యలో చెడిపోయి బాగుపడుతూ ఉంటే, సిగ్నల్ తక్కువని అర్థం. పడగ్గది తలుపు వేసి ఉంటే, రూటర్ హాల్లో ఉంటే ఇది మామూలే. హాల్లో రూటర్ పక్కన కూర్చుని అదే సీన్ పెట్టి చూడండి. తేడా ఉంటే, పడుకునే ముందు హాల్లోనే హై క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. డౌన్‌లోడ్ క్వాలిటీ సెట్టింగ్ కూడా స్టాండర్డ్ మీదో, డేటా సేవర్ మీదో ఉండొచ్చు, ముందు దాన్ని మార్చండి, లేకపోతే మళ్ళీ గళ్ళే దిగుతాయి.

పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన ఫైళ్ళు కూడా చూస్తుంటే, వాటితో ట్యాబ్‌ని తూకం వేయకండి. రెండు గంటల నలభై నిమిషాల సినిమాని 700 ఎంబీలో కుక్కితే సెకనుకి 0.6 మెగాబిట్లు కూడా రావు. 720పి కోసమే నెట్‌ఫ్లిక్స్ 3 మెగాబిట్ల కనెక్షన్ ఉండాలంటుంది. ఆ ఫైల్‌లో చీకటి ఎప్పుడో పోయింది. అలాగే యూట్యూబ్‌లో కొన్ని పాత తెలుగు సినిమాలు అరిగిపోయిన క్యాసెట్ల నుంచి ఎక్కించినవి. వాటికి ఏ ట్యాబ్ తెచ్చినా మందు లేదు.

యూట్యూబ్ ఒక విధంగా మీకు పనికొస్తుంది. ఓటీటీ సినిమాని స్క్రీన్‌షాట్ తీయబోతే ఉత్త నలుపు వస్తుంది, తాళం వల్ల. యూట్యూబ్‌లో ఉచితంగా ఉండే వీడియోకి ఆ అడ్డు లేదు. రాత్రి సీన్ ఉన్న వీడియో పెట్టి గళ్ళు కనిపించినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి మీవారి ఫోన్‌కి పంపండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది మళ్ళీ కుదించేస్తుంది, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్‌లో బ్రైట్‌నెస్ పెంచి, వేళ్ళతో పెద్దది చేసి చూడండి. ఫోన్‌లోనూ అవే గళ్ళు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. యూట్యూబ్ యాప్‌లోనే సెట్టింగ్స్, జనరల్‌లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అని ఒకటి ఉంది. అది ఆన్ చేసి, వీడియో నడుస్తుండగా దాని సెట్టింగ్స్‌లోనూ అదే ఎంచుకుంటే వీడియో ఏ రిజల్యూషన్‌లో వస్తోందో, కనెక్షన్ వేగం ఎంతో తెర మీదే కనిపిస్తుంది. వీడియోకి 1440పి ఉంటే అది ఎంచుకోండి. మీ తెర అంత పెద్దది కాకపోయినా సరే, దానితో వచ్చే డేటా ఎక్కువ, చీకటి బాగుపడుతుంది.

ఇప్పుడు బూడిదరంగు సంగతి. ఈ ధరలో వచ్చే ట్యాబ్‌లన్నీ దాదాపుగా ఎల్‌సీడీ తెరలే. తెర వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చూపించాల్సిన చోట ఆ లైటుని అడ్డుకుంటుంది, కానీ పూర్తిగా అడ్డుకోలేదు. తెలుపుకీ నలుపుకీ తేడా సాధారణంగా వెయ్యింతలు ఉంటుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి తెలుపు 400 నిట్స్ (తెర వెలుగుని కొలిచే లెక్క ఇది) వెలిగితే, నలుపు కూడా 0.4 నిట్స్ వెలుగుతుంది. పట్టపగలు అది తెలియదు. లైట్లన్నీ తీసేసిన గదిలో కన్ను చీకటికి అలవాటు పడ్డాక ఆ కొద్ది వెలుగే బూడిద పూసినట్టు కనిపిస్తుంది. మామూలు వీడియోకి రంగులు సరిచేసేటప్పుడు స్టూడియోలో పెట్టుకునే కొలత తెలుపుకి 100 నిట్స్. మీరు దాన్ని నాలుగింతలు చేస్తే కనపడకూడదని వదిలేసిన గళ్ళు కూడా నాలుగింతలు వెలుగుతాయి. బ్రైట్‌నెస్ పెంచితే అధ్వానం అయిందని మీరు సరిగ్గానే గమనించారు.

అందుకని రెండు పనులు చేయండి. బ్రైట్‌నెస్ సగానికి కిందికి తెచ్చి అక్కడి నుంచి సర్దుకోండి. సర్దుకోవడానికి ఒక గుర్తు: చీకటి గోడ ముందు నల్లజుట్టు మనిషి ఉన్న సీన్ దగ్గర ఆపి, జుట్టు ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో కష్టం మీద తెలిసేంత వరకూ పెంచి అక్కడ వదిలేయండి. రెండోది, గది మొత్తం చీకటి చేయకండి. జీరో బల్బు వేయండి. అది మీ వెనక ఉంటే గాజు మీద ప్రతిబింబం పడి ఉన్న నలుపు కూడా పోతుంది. ట్యాబ్ వెనకవైపు గోడ మీద వెలుగు పడేలా ఉండాలి. వెనక గోడ కాస్త వెలుతురుగా ఉంటే తెర మీది బూడిదరంగు కంటికి నలుపుగా తోస్తుంది, గళ్ళు సగం మాయమవుతాయి. పిల్లల నిద్ర చెడకుండా మంచం పక్కన కింద పెట్టుకునే చిన్న ఎల్‌ఈడీ దీపమైనా చాలు. దీనికయ్యే ఖర్చు వంద రూపాయల లోపే, గుణం మాత్రం మీకు ఆ రాత్రే తెలుస్తుంది.

పడుకుని, ట్యాబ్‌ని పొట్ట మీద ఆనించుకుని చూసే అలవాటుంటే అదీ మానుకోండి. ఈ తెరల్ని ఏటవాలుగా చూస్తే మూలల్లో తెల్లటి మెరుపు లేస్తుంది. కంటికి ఎదురుగా, నిటారుగా ఉండేలా స్టాండ్ పెట్టుకోండి. పక్కవాళ్ళకి కనపడకుండా ఉండే ప్రైవసీ గార్డు అంటించి ఉంటే తీసేయండి, అది వెలుగుని తినేస్తుంది.

మొహాలు తెలియకపోవడానికి ఎక్కువగా ట్యాబ్ సెట్టింగులే కారణం. చీకటి గదిలో ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటే సెన్సారు వెలుతురు లేదనుకుని తెరని బాగా దించేస్తుంది, నీడలో ఉన్న మొహం కాస్తా నలుపులో కలిసిపోతుంది. సినిమా చూసేటప్పుడు దాన్ని ఆపేయండి. బ్యాటరీ సేవర్ కూడా ఆపండి. కొన్ని ట్యాబ్‌లలో బ్యాటరీ పొదుపు కోసం, చీకటి సీన్ రాగానే వెనక లైటు దానంతట అదే తగ్గిపోయే ఏర్పాటు ఉంటుంది. సీన్ మారినప్పుడల్లా తెర ఊపిరి పీల్చి వదిలినట్టు వెలుగు పెరిగి తగ్గుతుంటే అదే సంగతి.

రాత్రిపూట కళ్ళకి మంచిదని ఐ కంఫర్ట్ అనో, నైట్ లైట్ అనో ఆన్ చేసి ఉంచారా? చాలామంది ఇళ్ళల్లో సాయంత్రం అయ్యేసరికి అది దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టి ఉంటుంది. అది నీలం రంగుని తగ్గిస్తుంది. మన సినిమాల్లో వెన్నెల రాత్రి అంటే నీలం వెలుగే కదా. ఉన్న కాస్త నీలాన్నీ కోసేస్తే ఆ సీన్‌లో మిగిలేది మట్టిరంగు చీకటి. చదువుకోవడానికి, వార్తలకి ఉంచుకోండి, సినిమాకి తీసేయండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వివిడ్, నేచురల్ అని రెండుంటే నేచురల్ పెట్టండి. వివిడ్‌లో రంగులు కొట్టొచ్చినట్టు ఉంటాయి కానీ, నీడల్ని ఇంకా నల్లగా నొక్కేస్తుంది. డార్క్ మోడ్ మాత్రం వీడియోని ఏమీ చేయదు, దాన్ని అలాగే వదిలేయొచ్చు.

ఇంకొంచెం ఖరీదైన ట్యాబ్‌లున్న పాఠకులకి రెండు మాటలు. ఓఎల్‌ఈడీ తెరల్లో బూడిదరంగు ఉండదు, కానీ బ్రైట్‌నెస్ మరీ తగ్గిస్తే నలుపుకి దగ్గరగా ఉన్న నీడలన్నీ ఒకే నలుపుగా ముద్దయిపోతాయి. కాస్త పెంచుకుని చూడాలి. వెలుగుకీ నీడకీ మధ్య తేడా ఇంకా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ వీడియో అయితే వెయ్యి నిట్స్, అంతకు మించి వెలిగే తెరల్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. 400 నిట్స్ తెర మీదికి దాన్ని దించేటప్పుడు బొమ్మంతా చీకటిగా అనిపించడం మామూలే. హెచ్‌డీఆర్‌ని ఆపే సెట్టింగ్ ఉంటే ఆపి చూడండి. ఐప్యాడ్ ఉన్నవాళ్ళకి వైడ్‌వైన్ బెడద లేదు. వాళ్ళు ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపుకుంటే చాలు. ఆటో బ్రైట్‌నెస్ మాత్రం యాక్సెసిబిలిటీలో దాక్కుని ఉంటుంది.

మళ్ళీ మీ ట్యాబ్ దగ్గరికి వస్తే, తెరలో నిజంగా లోపం ఉందో లేదో చివరగా ఒకసారి చూసుకోండి. ఉత్త నలుపు బొమ్మ ఒకటి గ్యాలరీలో పెట్టుకుని తెర నిండా తెరిచి, బ్రైట్‌నెస్ సగం పెట్టి, చీకటి గదిలో ఎదురుగా నిలబడి చూడండి. అంతటా ఒకే రకం సన్నటి బూడిదరంగు ఉంటే అది ఎల్‌సీడీ సహజ గుణం, ఫిర్యాదుకి నిలవదు. ఒక అంచు నుంచి లైటు కారుతున్నట్టు మెరుపు వస్తున్నా, మధ్యలో తెల్లటి మచ్చ ఉన్నా, అది తయారీ లోపం. బిల్లు తీసుకుని వారంటీలో సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. ఫోటో చూపించి వాదించకండి. చీకట్లో తీసిన ఫోటోలో కెమెరా ఆ మెరుపుని పెంచి చూపిస్తుందని వాళ్ళకి తెలుసు, ఆ వంక పెడతారు. అక్కడే ఒక గదిలో లైటు ఆపించి నేరుగా చూపించండి.

పై మోడల్‌కే మారాలని అనిపిస్తే, డబ్బు కట్టకముందు షాపులోనే దాంట్లో నెట్‌ఫ్లిక్స్ తెరిపించి ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ చూడండి. తెర ఎల్‌సీడీయా, ఓఎల్‌ఈడీయా అని అడగండి. 6 వేలు ఎక్కువ కట్టినా ఎల్‌సీడీయే, ప్లాన్ అదే మొబైల్ ప్లాన్ అయితే, మీ రాత్రి సీన్లలో పెద్ద మార్పేమీ ఉండదు. అదే డబ్బులో కొంత పెట్టి ఒక్క నెల హెచ్‌డీ ప్లాన్ తీసుకుని చూస్తే సంగతి తేలిపోతుంది, నచ్చకపోతే వచ్చే నెల మానేయొచ్చు. ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్‌లో మీకు ఎల్1 వచ్చిందో, ఎల్3 వచ్చిందో, ట్యాబ్ మోడల్ పేరుతో కలిపి మళ్ళీ రాయండి.